గౌరమ్మ నడకకు ఉడికిన బెల్లం

బోధన్ పోయి వచ్చానని చెప్పగానే మా హనుమకొండలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: చక్కెర ఎంత తెచ్చావు? రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడే వాళ్లకు బోధన్ అంటే చక్కెర కొండ. నేను తెచ్చింది కొబ్బరికాయంత బెల్లం ముద్ద, దానితోపాటు ఒక పాట. ముద్దను మా ఇంట్లో వాళ్లు వారం తిరక్కుండానే ఖతం చేశారు. పాట మిగిలింది కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను వెళ్లింది మా చెల్లె భారతి కోసం. దానికి పెళ్లయ్యాక అది మొదటి చలికాలం. అత్తవారిది బోధన్ దాటాక చెరుకు పండించే ఊరు. వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. ఆ ఏటి మొదటి పెనం బెల్లాన్ని పొయ్యి మీది నుంచి ఎప్పుడు దించాలో ఇంటికి కొత్తగా వచ్చిన కోడలే చెప్పాలి. ఆమె "దించుండ్రి" అన్న తర్వాత మామైనా సరే, మొగుడైనా సరే, ఆగమనడానికి లేదు. ఊరివాళ్లకు పంచేది పోను, ఆ బెల్లంలో సగం పోచమ్మకు పోతుంది, సగం బోధన్‌లో మొహర్రం పీరీలకు పెట్టే మలీద ముద్దలకు పోతుంది. ఆ ఏడు పీరీల పండుగ చలికాలంలోనే వచ్చింది. భారతి భయపడి, అక్క పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని కబురు చేసింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని నేను బయల్దేరాను, బట్టసంచి నిండా సకినాలతో.

నిజామాబాద్: పొడైన సకినాలు

మొదటి నష్టం రైల్లోనే జరిగింది. కామారెడ్డిలో ఎక్కిన ఒక దొడ్డు మనిషి చూసీ చూడకుండా నా సంచి మీద కూర్చున్నాడు. కరకరమని చప్పుడైతే సీటు విరిగిందనుకుని రైల్వే వాళ్లను తిట్టాడు కూడా. విరిగింది మా అమ్మ రెండు రోజులు నడుం వంచి చుట్టిన సకినాలని చెప్పేసరికి ఆయన మొహం చూడాలి. దిగేటప్పుడు క్షమించమని రెండు జామకాయలు ఇచ్చాడు. జామకాయలు బాగున్నాయి. నా కోపం మాత్రం నిజామాబాద్ స్టేషన్ దాకా నాతోనే వచ్చింది.

ఆ పూట మా వారి మేనత్త కూతురు సత్తమ్మ ఇంట్లో ఆగాను. వాళ్ల వాడకట్టంతా బీడీలు చుట్టే ఇళ్లే. గడప గడపకూ చేటల్లో తునికాకు, ఒళ్లో తంబాకు, వేళ్ల మధ్య దారం. ఊళ్లోకి పసుపు బండ్లు దిగే రోజులు కావడంతో గాలి వీస్తే పసుపు వాసన, ఊపిరి పీలిస్తే తంబాకు వాసన. మూల మీది హోటల్లో పావలాకు ఇచ్చే చాయ్ మా ఊరి చాయ్ కంటే చిక్కగా ఉంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండో కప్పు పట్టింది.

సత్తమ్మ నా సకినాల పొడిని చూసి నవ్వి, దాన్ని కంచంలో పోసి, మీద వేడి పాలు పోసింది. ఉప్పూ వామూ తగిలే పొడిలో పాలేమిటని నేను మొహం చిట్లించాను. తిన్నాక నోరు మూసుకున్నాను. పొద్దున ఆమె పెట్టిన జొన్న రొట్టె, పచ్చిమిరపకాయ నూరిన నువ్వుల తొక్కు సంగతి చెప్పడం మొదలుపెడితే బోధన్ చేరను.

బీడీలు చుట్టే ఆడవాళ్లు పాడుతూనే చుడతారు. పాట ఆగితే చేతులూ ఆగుతాయి. నన్ను మా ఓరుగల్లు బతుకమ్మ పాట ఒకటి పాడమన్నారు. లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ, అడుగు వేస్తూ నాలుగు చరణాలు పాడాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సత్తమ్మ మాత్రం దాచుకోలేదు.

"ఎవలో ఎంటవడ్డట్టు ఉరుకుతున్నవేంది వదినె? మేమైతే గీ పాట అయ్యేటాల్లకు ఊరంత తిరిగొస్తం."

మా ఆట చురుకని, మీది నిద్రని నేను కూడా ఊరుకోకుండా అన్నాను. ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను. మరిచిపోకుండా ఉంటే బాగుండేది.

బోధన్: ఖాసింబీ ముంగిలి

బోధన్ బజార్‌లో ఉల్లిగడ్డలమ్మే ఆమె మరాఠీలో ధర చెప్పింది, పక్కనున్న అత్తరు సాయిబు ఉర్దూలో బేరం తగ్గించాడు, నేను తెలుగులో కొన్నాను. ముగ్గురికీ అన్నీ అర్థమయ్యాయి. ఊరి మీద చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరుకు మడ్డి వాసన దుప్పటి కప్పినట్టు ఉంటుంది. మొదటి గంట ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, రెండో గంటకు ఆకలేస్తుంది.

భారతి అత్తగారు గంగవ్వ నన్ను ఖాసింబీ ఇంటికి వెళ్లమని కబురు పెట్టింది. ఖాసింబీ భర్త రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పోస్తాడు. ముంగిట్లో కొలిమి, నవసాగరం పొగ, మిలమిలలాడే గిన్నెలు. తరతరాలుగా ఆ వీధి పీరీలకు మలీద చేసేది వాళ్ల ఇల్లే. ఆ మలీదకు గంగవ్వ వాళ్ల మొదటి పెనం బెల్లమే పడాలి. గంగవ్వ అత్త కాలం నుంచీ అంతే.

ఇక్కడ నా గర్వం ఒకటి చెప్పాలి. రొట్టెలు చేసి, వేడిమీదే నలిపి, బెల్లం నెయ్యి కలిపి ముద్దలు కట్టే మలీద సద్దుల బతుకమ్మ నాటి మా సొంత వంట అని నేను అప్పటిదాకా అనుకున్నాను. ఖాసింబీ కూడా అది పీరీల కోసమే పుట్టిందని అనుకునేదట. పెళ్లయిన కొత్తలో గంగవ్వ వాళ్ల బతుకమ్మకు పోతే సద్దిలో మలీద పెట్టారట. మా వంట మీకెట్లా తెలుసని ఇద్దరూ కొట్లాడుకున్నారట. ఆ కొట్లాటతోనే దోస్తీ మొదలైందని చెప్పి ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఒకే ముద్దను గౌరమ్మా తింటుంది, పీరీలూ తింటారు. ఇంత పెద్ద సంగతి మా ప్రాంతంలో ఇంత మామూలుగా జరిగిపోతుందని తెలిసి నాకు మనసు పొంగింది.

బెల్లం తీసుకురావడానికి ఖాసింబీ కూడా నాతో బండెక్కింది. దారి పొడవునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు ఎదురొచ్చాయి. పొలిమేరల అవతలి నుంచి వచ్చిన మరాఠీ బండివాళ్లు కట్టలో నుంచి గడలు లాగి మా మీదికి విసిరారు. చెరుకు నములుతూ ఆమె అసలు విషయం చెప్పింది.

గంగవ్వ కళ్లు పొగకు మసకబారాయి. పాకం రంగు ఆమెకు కనపడక కొన్నేళ్లయింది. ఇన్నాళ్లూ ఒక పాట కొలతతోనే పెనం దించుతూ నెట్టుకొచ్చింది. ఆమె భర్త నర్సయ్య చేనంతా ఫ్యాక్టరీకే ఇస్తున్నాడు, ఒక్క మడి మాత్రం బెల్లం కోసం ఉంచాడు. బెల్లం బట్టి అంటే చాకిరీ. తనకు ఓపిక తగ్గింది, భార్యకు చూపు తగ్గింది. కొత్త కోడలు పెనం సరిగ్గా దించితే బట్టి నడుస్తుంది, లేకపోతే వచ్చే ఏటి నుంచి ఆ మడి కూడా ఫ్యాక్టరీకే అని ఇంట్లో తేల్చేశాడు.

"గా పిల్ల నోట్లనే ఉన్నది బేటీ గీ బట్టి," అన్నది ఖాసింబీ. నా నోట్లో చెరుకు పిప్పి అక్కడే ఆగిపోయింది.

బట్టి దగ్గర

ఊరు చేరేసరికి భారతి ఎదురొచ్చి నా చేయి పట్టుకుంది. గంగవ్వ పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు, మాట మెల్లగా, నవ్వు గట్టిగా. నా మొహానికి మొహం ఆనించి చూసి, భారతి ముక్కే నీదీ అని తేల్చి లోపలికి తీసుకుపోయింది. ఆ సాయంత్రమంతా పాట విన్నాను.

అది గౌరమ్మ అత్తవారింటికి పోయే పాట. వినేవాళ్లకు పెళ్లిపాట. బట్టి దగ్గర నిలబడితే మాత్రం అది వంట నేర్పే పాట. గౌరమ్మ చెరువులో మొహం కడుక్కుని మురికిని ఒడ్డుకు తోస్తుంది. అంటే బెండ మొదళ్లు దంచిన జిగురు పోసి, పైకి తేలిన మడ్డిని తీసేయాలి. తర్వాత చేపలు కళ్లు తెరిచి గౌరమ్మను చూస్తాయి. రసంలో చేప కళ్లంత బుడగలు వస్తాయన్నమాట. ఆ పైన ఆమె తల నిండా తంగేడు పూలు పెట్టుకుంటుంది. పాకం ఆ రంగుకు తిరుగుతుంది. చివరికి కుడికాలు అత్తవారింటి కడప మీద పెడుతుంది. అప్పుడు దించాలి. ఒక్కో మజిలీని బతుకమ్మలో పేర్చే పూలన్నిటి పేర్లూ చెప్పుకుంటూ తిప్పి తిప్పి పాడాలి. కాగితం లేదు, గడియారం లేదు. ఎవరు కట్టారో కూడా తెలియదు. ఇంత తెలివిని పాటలో పెట్టి, పాటను ఆడబిడ్డ ప్రయాణంలో పెట్టి దాచిన ఆ అవ్వలెవరో గాని, వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే గానుగకు ఎడ్లు కట్టారు. రసం పెనంలోకి చేరింది, పొయ్యిలో చెరుకు పిప్పి భగ్గుమంది. ఊళ్లో వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. మొదటి పెనం రోజు దారిన పోయే వాళ్లకు కూడా పెట్టాలి. ఒక చెరుకు బండి ఆపి విఠోబా అనే మరాఠీ అతను కూడా చలి కాగుతూ కూర్చున్నాడు. బెండ జిగురు పోయగానే భారతి పాట అందుకుంది. దాని గొంతు మా ఇంట్లోకెల్లా మంచిది. చప్పట్లు లేకపోయినా కాలు కదుపుతూ, మా ఊళ్లో పాడినట్టే హాయిగా పాడింది. ఆవిరి మధ్య దాని మొహం సరిగ్గా కనిపించడం లేదు, పెనమైతే అసలే కనిపించడం లేదు. నాకు మాత్రం గర్వంగా ఉంది.

గౌరమ్మ కడప ఎక్కింది. భారతి "దించుండ్రి" అన్నది.

గంగవ్వ పెదవులు ఇంకా కదులుతున్నాయి. నేను చూశాను. ఆమె తల ఎత్తింది, ఏదో అనబోయింది, ఆగిపోయింది. నర్సయ్య తెడ్డు పట్టుకున్న వాళ్లకు సైగ చేశాడు. పెనం దిగింది.

చెక్క తొట్టిలో పోసి ఎంత కలియదిప్పినా పాకం పాకంగానే ఉంది. చల్లారింది, ముద్ద కట్టలేదు. చేతికి తీస్తే తేనె కారినట్టు కారింది. భారతి పిప్పి కుప్ప వెనక్కి పోయి కొంగులో మొహం దాచుకుంది. నర్సయ్య తలపాగా విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇగ సాలు. అచ్చే ఏడు గీ మడి గూడ ఫ్యాక్టరీకే," అన్నాడు. కోపంగా అనలేదు. తన నోటితో తాను అనలేక అన్నట్టు ఉంది.

ఆ బరువును దించినవాడు విఠోబా. తన మూటలోంచి జొన్న రొట్టె తీసి, తొట్టి దగ్గర కూర్చుని, ముంచుకుని తిన్నాడు. ఇలాంటి పాకాన్ని వాళ్ల వైపు కాకవి అంటారట, పండక్కి కావాలని చేసుకుంటారట. అడిగి మళ్లీ పోయించుకున్నాడు. అతన్ని చూసి దారిన పోయే మిగతా చెరుకు బండ్ల వాళ్లు కూడా దిగారు, వాళ్లను చూసి ఊరివాళ్లు ఇళ్లకు పోయి రొట్టెలు తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ. నేనూ తిన్నాను. చెల్లె ఏడుస్తుంటే తిన్నావా అంటారేమో, తిన్నాను, ఏడుస్తున్న దానికీ పెట్టాను.

తింటుంటే సత్తమ్మ మాట గుర్తొచ్చింది. ఎవరో వెంటపడ్డట్టు ఉరుకుతారు మీరు. పాటలో ఒక్క పదం తప్పలేదు. నడకే మాది. మా ఓరుగల్లు ఆటలో గౌరమ్మ గబగబా నడిచి, పాకం కంటే ముందే అత్తవారింటికి చేరిపోయింది. గంగవ్వకు ఈ మాట చెబితే, తనకు అప్పుడే తెలుసన్నది.

"నా నోట్ల గౌరమ్మ ఇంక కడప ఎక్కనే లేదు బిడ్డా. గాని కోడలు దించుమన్నంక నేనెట్ల నోరు తెరుస్త?"

పొలిమేర

సాయంత్రం నర్సయ్యకు ఎదురు నిలిచింది ఖాసింబీ. మలీదకు బెల్లం లేకుండా తను బోధన్ పోనని అరుగు మీద బైఠాయించింది. మొదటి పెనం అయిపోయింది కదా అని ఆయన గొణిగాడు.

"ముద్ద కట్టనిది పెనమెట్లయితది నర్సన్నా? మొదటి పెనం ఇంక దిగనే లేదు," అన్నది.

నర్సయ్య తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. మడిలో కొట్టిన చెరుకు ఎలాగూ ఇంకా ఉంది. రేపు ఇంకొక్క పెనం, అదే ఆఖరు అన్నాడు.

తెల్లవారగానే నేను లేచేసరికి గంగవ్వ ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతూ ఉంది. పక్కన భారతి కళ్లు ఉబ్బి ఉన్నాయి. అత్తగారు పాడమంది. భారతి భయం భయంగా, అడుగు అడుగుకూ కూడబలుక్కుంటూ మెల్లగా పాడబోయింది. పాట కుంటింది. గొంతు కూడా దానిది కానట్టు ఉంది. గంగవ్వ ఇసుర్రాయి ఆపింది.

"గట్ల గాదు. నీ నడకతోనే పాడు."

నడకే కదా తప్పని నేను అడ్డుపడ్డాను. మెల్లగా పాడటం బట్టి ముట్టించేలోగా నేర్పిస్తే సరిపోతుంది కదా అన్నాను. గంగవ్వ నా వైపు తిరిగింది. మసక కళ్లతో నన్ను సరిగ్గా చూడలేదు గాని, సూటిగానే చూసింది.

"నడక తల్లిగారింటికెంచి వచ్చింది బిడ్డా. గది మార్సుమంటె పిల్ల నోరు మూసుకుంటది. పాటదేముంది, ఇంకో మజిలీ పడ్తది."

అలా అని, మళ్లీ పిడి తిప్పుతూ, తంగేడు పూల చరణానికీ కడప చరణానికీ మధ్య ఇంకొకటి కట్టి పాడింది. తడుముకోలేదు. ఎప్పుడో కట్టి పెట్టుకున్నట్టు వచ్చింది.

"పొలిమేర మీదొచ్చి ఆగె గౌరమ్మ,
ఎనుకకు మర్లి అక్కను సూసె గౌరమ్మ."

నా చేతిలో చెంబు ఉంది. దాన్ని కింద పెట్టాను. భారతి నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. అప్పుడు ఏడ్చాం ఇద్దరం. సిగ్గేమీ పడలేదు. పొద్దెక్కేలోగా బట్టి దగ్గర పని ఉందని గంగవ్వ ఇద్దర్నీ లేపింది.

రెండో రోజు ఊరివాళ్లు తక్కువ మంది వచ్చారు. విఠోబా మాత్రం ఫ్యాక్టరీ నుంచి తిరుగు బండి మీద వచ్చి అదే చోట కూర్చున్నాడు. బెండ జిగురు పడింది. భారతి తన నడకతో, మా ఊరి నడకతో, కాలు కదుపుతూ పాడింది. మొహం కడుక్కుంది గౌరమ్మ, చేపలు చూశాయి, తంగేడు పూలు పెట్టుకుంది. పొలిమేర మీదికి వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి అక్కను చూసింది. ఆ చరణాన్ని భారతి పూలన్నిటి పేర్లతో తిప్పి పాడుతుంటే నేను గంగవ్వ పెదవులనే చూస్తున్నాను. కుడికాలు కడప మీద పెట్టిన చోట అత్తాకోడళ్ల పెదవులు ఒక్కసారే ఆగాయి.

"దించుండ్రి."

నర్సయ్య నీళ్ల చెంబులో నాలుగు చుక్కల పాకం వేసి, గట్టిపడ్డ ఉండను తీసి పెనం అంచుకు కొట్టాడు. ఠంగుమంది. ఆయన దాన్ని మళ్లీ కొట్టాడు. అవసరం లేదు, ఆ చప్పుడు ఇంకోసారి వినాలనిపించి కొట్టాడు. తొట్టిలో బెల్లం తంగేడు రంగులో గడ్డకట్టింది. మడి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. పొయ్యి పక్కగోడ బీటలిచ్చిందని, వచ్చే ఏటికి మట్టి మెత్తించాలని మాత్రం భారతి మొగుడికి చెప్పాడు. గంగవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మళ్లీ బోధన్

పోచమ్మ వాటా పోచమ్మకు పోయింది. పీరీల వాటాను ఖాసింబీ ఒళ్లో పెట్టుకుని బండెక్కింది, నన్ను కూడా తాకనివ్వలేదు. నా బండి మర్నాడు. నేను ఆమె ఇల్లు చేరేసరికి ముంగిలి నిండా ఆడవాళ్లు, ఆ వీధి సాయిబుల ఇళ్ల వాళ్లు, పక్క సందులో మగ్గాలు నేసే సాలోళ్ల ఇళ్ల వాళ్లు. పీరీల చావిడి వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. అందరూ చుట్టూ కూర్చుని వేడి రొట్టెలు నలుపుతున్నారు. కళాయి మెరిసే పెద్ద తాంబాళంలో తంగేడు రంగు బెల్లం. చేతులు కడుక్కుని నేనూ కూర్చున్నాను.

రొట్టె నలుపుతూ పాడుతున్నారు. గౌరమ్మ పాటే. తంగేడు పూల దగ్గరికి వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. కడప దగ్గరికి వెళ్లకుండా, అందరూ కలిసి, గౌరమ్మను పొలిమేర మీద ఆపారు. వెనక్కి తిరిగి అక్కను చూడమన్నారు.

నా పక్కన కూర్చున్న ముసలామె నేను ఆగడం గమనించింది. నేను ఎవరో ఆమెకు తెలియదు, వరంగల్ నుంచి వచ్చానని మాత్రం ఎవరో చెప్పారు.

"మీ దిక్కు తెల్వదు గావచ్చు బిడ్డా గీ పాట. మా అవ్వల నాటిది," అని, ఆ చరణాన్ని నాకు నేర్పడానికి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మళ్లీ పాడింది.

నాకంటే ఒక రోజు ముందు ఆ చరణాన్ని కూడా బెల్లంతోపాటు మోసుకొచ్చిన ఖాసింబీ అవతల నుంచి నన్ను చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఒక రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది. ఆ ముసలామె వెంట, ఒక్కో మాటా కొత్తగా నేర్చుకుంటున్నట్టే, నేనూ పాడాను.